నేను బిగించిన స్క్రూలు

నేను బిగించిన స్క్రూ తల మీద గాడి ఎప్పుడూ నిలువుగా ఉంటుంది. ఎవరూ నేర్పలేదు. వంకరగా ఉంటే నాకు ఆ రోజంతా ఏదో మరిచిపోయినట్టే ఉంటుంది, అంతే. ఈ చాదస్తం ఒకనాడు ఒక ఆడపిల్ల చదువుకు అక్కరకొస్తుందని మాత్రం అనుకోలేదు.

పంజాగుట్టలో ఒక బట్టల షోరూం పైన, ఐదో అంతస్తులో, పళ్ల డాక్టరు చదివే పిల్లలకు చేతి పని నేర్పే ల్యాబులో నేను అటెండర్ని. అక్కడ ఇరవై నాలుగు బొమ్మ తలలున్నాయి. మెడ ఇనుముది, దవడలు ఇనుమువి, పళ్లు ప్లాస్టిక్‌వి. వాటి మీద రబ్బరు ముఖం తొడుగుతాం. దానికి బుగ్గలుంటాయి, పెదవులుంటాయి, తెరిచిన నోరుంటుంది. చేతులు మాత్రం ఉండవు. పిల్లలు ఆ నోట్లో నీళ్లు చిమ్మే డ్రిల్లు పెట్టి పన్ను తొలుస్తారు. తొలిచిన పళ్లు తీసేసి, కొత్తవి పెట్టి, దవడ వెనక నుంచి స్క్రూ బిగించి, మర్నాటి బ్యాచికి తలలు సిద్ధం చేయడం నా పని.

తొలిచిన పన్నును విప్పకుండా, దవడతో సహా స్కానర్‌లో పెడితే అది నిమిషంలో మార్కు వేస్తుంది. ఎక్కువ తొలిచిన చోట ఎరుపు, తక్కువ తొలిచిన చోట నీలం. స్క్రీను మీద నూటికి ఇంత అని వస్తుంది. ల్యాబు పెద్ద సార్ పెట్టిన నియమం ఒకటుంది. మూడు పరీక్షల్లో ఒక్కసారైనా డెబ్బై ఐదు దాటని వాళ్లను కింద అంతస్తులోని క్లినిక్‌కు, అంటే నిజం మనుషుల దగ్గరకు, పంపరు. ఆరు నెలలు ఆగి మళ్లీ మొదటి నుంచి చేయాలి.

నియమం మంచిదే. ఈ మాట గట్టిగానే అంటాను. ఎందుకంటే బొమ్మలు లేని రోజుల్లో ఆ బొమ్మల స్థానంలో ఎవరున్నారో నాకు తెలుసు.

నాకు పందొమ్మిదేళ్లప్పుడు మా బోరబండలో ఉచిత దంత శిబిరం పెట్టారు. మేం వెళ్లే చర్చి పక్క ఖాళీ స్థలంలో షామియానా వేసి, ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టారు. నా ఎడమ వైపు పైన జ్ఞానదంతం నొప్పి. చదువుకునే అబ్బాయి ఒకడు తీశాడు. వాడి చేయి వణకడం నా బుగ్గకు తెలుస్తూనే ఉంది. నేను చెయ్యెత్తాను. వాడు చూడలేదు, లేదా చూసి ఆగలేదు. పన్నయితే వచ్చింది గానీ, దాని ముందున్న మంచి పన్ను వెనక భాగంలో డ్రిల్లు తగిలి ఒక గాటు పడింది. ఆ గాటులో తిండి ఇరుక్కుని, ఏళ్ల తరబడి పుచ్చి, గుంట పడింది. ఒకసారి పూడ్పించుకున్నాను, పోయిన వానాకాలం అదీ ఊడింది. మా బస్తీలో ఇలాంటి నోళ్లు ఇంకా ఉన్నాయి. కాబట్టి ఎవరైనా పాతకాలం డాక్టరు ల్యాబుకు వచ్చి, "బొమ్మల మీద ఏం వస్తుందండీ చదువు, మేం మనుషుల మీదే నేర్చుకున్నాం" అని నవ్వితే, నాకు నవ్వు రాదు. ఏ మనుషుల మీదో కూడా చెప్పండి సార్ అని అడగాలనిపిస్తుంది. రెండుసార్లు అడిగాను కూడా.

పదో తరగతి తర్వాత నేను బడికి పోలేదు. పన్నెండేళ్లు ఒక పళ్ల క్లినిక్‌లో డాక్టరు పక్కన నిలబడి సామాన్లు అందించాను. ఏది అడుగుతారో తెలుసు, ఎందుకు అడుగుతారో తెలియదు. ఆ ఎందుకు అన్నది నన్ను కుదురుగా ఉండనిచ్చేది కాదు. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డులు మేడల మీద మేడలుగా వేలాడే వీధి దాటాక ఒక పాత శాఖా గ్రంథాలయం ఉంది. అక్కడ కుర్చీలన్నీ ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలవే. నేను సెలవు రోజుల్లో వెళ్లి బీరువాల వెనక స్టూలు మీద కూర్చునేదాన్ని. కొన్నాళ్లు చూసి లైబ్రేరియన్ అడిగారు.

"ఏ పరీక్షకమ్మా?"

"పరీక్షకు కాదు సార్. పళ్ల గురించి."

ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని నన్ను చూసి, లోపలి బీరువా తాళం తీశారు. ఎవరో ఇచ్చిపోయిన పాత ఇంగ్లీషు పుస్తకం, అట్ట ఊడిపోయింది, మార్జిన్లలో ఎవరిదో పెన్సిలు రాత. పక్కన నిఘంటువు పెట్టుకుని మొదటి పేజీ చదవడానికి నాకు మూడు సెలవులు పట్టింది. రెండేళ్లలో పుస్తకం పూర్తయింది. నాలుగు లాంగ్ నోట్‌బుక్కులు నిండాయి. పన్నుకు ఎన్ని ముఖాలుంటాయో, పడుకున్న మనిషి తలను గడియారంలో పన్నెండనుకుంటే డాక్టరు ఏ గంట దగ్గర కూర్చోవాలో, పై పళ్ల వెనక భాగాన్ని వంగి చూడకూడదనీ, అద్దంలోనే చూస్తూ పని చేయాలనీ, మెడ ఎంత వరకు తిరుగుతుందో, అంతా నా చేతిరాతలో ఉంది. చదువుకున్నాను అని నేను ధైర్యంగానే చెప్పుకుంటాను. కాగితం లేదు గానీ చదువు ఉంది.

ఆ ఏడాది బ్యాచిలో బోరబండ పిల్ల ఒకతె ఉండేది. మా వీధికి రెండు వీధుల అవతల ఇల్లు. తల్లి మిషను కుడుతుంది. పిల్ల పొద్దున్నే అందరికంటే ముందొచ్చి, రబ్బరు ముఖానికి తడిగుడ్డ పెట్టి తుడిచి, తల కింద మెత్త సర్ది, అప్పుడు కూర్చునేది. మొదటి పరీక్షలో అరవై రెండు వచ్చింది. రెండోదాంట్లో అరవై నాలుగు. మిగతా వాళ్లకు ఎనభైలు, తొంభైలు. అందరికంటే పైన ఉండే అబ్బాయికి తొంభై రెండుకు తగ్గేది కాదు. సార్ అద్దాల గదిలో కూర్చుని స్క్రీను మీద మార్కులు చూసి మురిసిపోయేవారు. చూడ్డానికి ఎవరొచ్చినా ఆ గ్రాఫే చూపించేవారు.

రెండో పరీక్ష అయిన సాయంత్రం పళ్లు మారుస్తుంటే నాకు అనుమానం వచ్చింది. తొంభై రెండు అబ్బాయి తలలో, తొలిచిన పన్ను స్క్రూ గాడి పక్కకు వాలి ఉంది. పక్క తల చూశాను. అక్కడా అంతే. ఇరవై నాలుగు తలలూ చూశాను. తొలిచిన పళ్లకు ఇరవై మూడు స్క్రూలు ఒక్కోటి ఒక్కో వంకర. ఒక్కటే నిలువుగా ఉంది. అది బోరబండ పిల్లది.

పొద్దున నేను అన్నీ నిలువుగానే బిగించాను. మరి వాటిని విప్పింది ఎవరు?

తర్వాతి ప్రాక్టీసు రోజు తలలు తుడిచే వంకతో వెనక నిలబడ్డాను. తొంభై రెండు అబ్బాయి మొదట రబ్బరు ముఖం ఊడదీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత దవడ లాగి, జేబులోంచి కళ్లజోళ్లు బాగుచేసే బుల్లి స్క్రూడ్రైవర్ తీశాడు. పన్ను విప్పి, మామిడికాయ ముక్క పట్టుకున్నట్టు రెండు వేళ్ల మధ్య పట్టుకుని, వెలుతురుకు తిప్పుకుంటూ హాయిగా తొలిచాడు. మళ్లీ బిగించేశాడు. స్కానరు పన్నును చూస్తుంది. ఆ పన్ను ఎక్కడ ఉండగా తొలిచారన్నది అది చూడదు.

నన్ను చూసి వాడు బెదరలేదు.

"ఆంటీ, జర చూసీ చూడనట్టు పోండి ప్లీజ్. అందరం గట్లనే చేస్తున్నం."

"రేపు పేషెంటు పన్ను సుత విప్పుతవా డాక్టర్ సాబ్? పనైనంక బిగించి ఇస్తవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వాడూ నవ్వాడు. "రేపటిది రేపు ఆంటీ. ఇప్పుడైతే స్కోర్ రావాలె కదా. గంత ఫికర్ ఎందుకు మీకు?"

విప్పలేని రోజు ఇంకో ఉపాయం ఉండేది. ముఖం తీసేసి, మెడ మర వదులు చేసి, తలను వీపు వైపుకు తిప్పేసేవాళ్లు. మనిషి మెడ అలా తిరిగితే ప్రాణం ఉండదు.

ఆ మధ్యాహ్నం మెట్ల దగ్గర టిఫిన్ బాక్సు విప్పుకున్న బోరబండ పిల్ల పక్కన కూర్చున్నాను.

"నీకు తెలుసా, వాళ్లు చేసేది?"

"తెలుసు ఆంటీ. మొదటి వారమే నాకు సుత స్క్రూడ్రైవర్ ఇయ్యవోయిండ్రు. అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద దొరుకుతదట."

"మరి తీసుకోలే?"

ఆమె ముద్ద నమిలి మింగేదాకా ఆగింది. "ముఖం తీస్తే బుగ్గ అడ్డం రాదు. కింద పోయినంక బుగ్గ అడ్డం వస్తది కదా. అప్పుడు ఏం చెయ్యాలె? మా అమ్మ పన్నే అనుకోని చేస్తున్న."

"మూడోసారి సుత తక్కువొస్తే?"

"ఆరు నెలలు." అంతే అని బాక్సు మూత పెట్టేసింది. మూత రెండుసార్లు తప్పి, మూడోసారి పడింది. "సార్‌కు చెప్పకుండ్రి ఆంటీ. నేనే చెప్పిన్నని అంటరు. ఇరవై మూడు మందితోని ఐదేండ్లు చదవాలె నేను."

చెప్పనని మాటిచ్చాను. మూడో పరీక్షలో ఆమెకు అరవై ఆరు వచ్చింది. సాయంత్రానికి నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. సోమవారం నుంచి క్లినిక్‌కు వెళ్లేవాళ్లు ఇరవై మూడు మంది. ఆగేది ఒక్కతే. ఆమె ఆ కాగితాన్ని చదివి, లోపలికి వచ్చి, తన బొమ్మ ముఖాన్ని రోజూలాగే తుడిచి, బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. ఆ తుడవడం చూశాక నా మాట నేను తప్పాను. నేరుగా అద్దాల గదిలోకి వెళ్లాను.

సార్‌ది కోస్తా. చెడ్డవారు కాదు. ఆయన నా మాటలన్నీ విన్నారు, స్క్రూ గాడుల సంగతితో సహా.

"ఏంటమ్మా, గాడి నిలువుగా ఉంటే నిజాయితీ, వంకరగా ఉంటే దొంగతనమా? స్క్రూ అన్నాక కదలదా?"

"ఇరవై మూడూ కదిలి ఒకటి కదలకపోవడం ఏంది సార్?"

"చూడు. మిషన్ అబద్ధం చెప్పదు. ఆ అమ్మాయికి చెయ్యి రాలేదు. ఆరు నెలలాగితే వస్తుంది. దానికి ఇంత కథ దేనికి?"

"ఆమె అద్దంలో చూసి చేస్తుంది సార్. పుస్తకంలో అట్లనే ఉంది. పదకొండు గంటల దగ్గర కూర్చోని, తల కదపకుండ, అద్దంల చూసి. గట్ల చేసేది ఆమె ఒక్కతే."

"పుస్తకమా? ఏ పుస్తకం?"

సంచిలోంచి నోట్‌బుక్ తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన రెండు పేజీలు తిప్పారు. ఒక బొమ్మ దగ్గర ఆగారు కూడా. తర్వాత మూసి నా వైపు జరిపారు.

"లైబ్రరీలో చదివితే డాక్టర్లయిపోతారనుకుంటే ఈ కాలేజీలెందుకమ్మా? నీ పని పళ్లు బిగించడం. స్టూడెంట్స్ మీద నిఘా పెట్టడం కాదు." డ్రాయరు లాగి ఒక తెల్లకాగితం తీసి బల్ల మీద పెట్టారు. "ఇక మీదట విద్యార్థుల విషయంలో జోక్యం చేసుకోనని, క్షమించమని రాసివ్వు. ఇక్కడితో అయిపోతుంది."

ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నోట్‌బుక్‌లో పెట్టుకున్నాను.

"రాయను సార్. నేను చూసింది చెప్పిన. తప్పైతే చూపించుండ్రి."

"ఆలోచించుకో. సోమవారం ఇవ్వు."

ఆ రెండు రోజులూ భయపడలేదంటే అబద్ధం. ఉద్యోగం పోతుందేమోనన్న భయం అన్నం దగ్గర కూడా ఉంది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక అద్దం ముందు నోరు తెరిచి, నాలుకతో ఆ ఎడమ పై పన్ను వెనక గుంటను తడిమాను. అద్దంలో కనపడదు. నాలుకకు మాత్రం బాగా తెలుస్తుంది. క్లినిక్ భాషలో ఆ పన్ను నంబరు టూ సెవెన్. చప్పున ఒక సంగతి తట్టింది.

క్లినిక్‌కు పంపే రోజు పొద్దున, సార్ బ్యాచినంతా కూడేసి, పేషెంటు దగ్గర ఎలా కూర్చోవాలో చూపిస్తారు. అందుకు ల్యాబులో ఒక నిజం కుర్చీ ఉంది. అందులో ప్రతి ఏడూ పడుకునేది నేనే. నోరు మూసుకుని పడుకుంటాను, ఆయన కుర్చీ ఎత్తు, దీపం సర్దడం చూపిస్తారు, అయిపోతుంది.

సోమవారం బోరబండ పిల్ల కూడా వచ్చింది. జాబితాలో లేకపోయినా వెనక గోడకు ఆనుకుని నిలబడింది. నేను కుర్చీలో పడుకున్నాను. సార్ దీపం సర్దారు. నేను నోరు తెరిచాను.

"ఏంటమ్మా?"

"నోరు సుత చూడమనుండ్రి సార్. నాకు పైన ఎడమ పక్క ఒక పన్ను పుచ్చింది. ఎక్కడ పుచ్చిందో చెప్పమనుండ్రి. డ్రిల్లు వద్దు. అద్దం చాలు. రేపు చూడాల్సింది నాసొంటోళ్లనే కదా."

పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. సార్ ముఖం బిగిసింది. కానీ అంతమంది ముందు వద్దనడానికి ఆయన దగ్గర కారణం లేదు. తొంభై రెండు అబ్బాయిని పిలిచారు.

వాడు చేతులు కడుక్కుని, గ్లోవ్స్ తొడుక్కుని, కుడి పక్క కూర్చుని నోట్లోకి వంగాడు. కనపడలేదు. ఇంకా వంగాడు, వాడి నుదురు దీపానికి అడ్డం వచ్చింది. నా బుగ్గను వేలితో లాగాడు, అది మళ్లీ వచ్చి కప్పేసింది. అప్పుడు నా గడ్డం పట్టుకుని తలను తిప్పబోయాడు.

వాడి మణికట్టు పట్టుకుని వేలు నోట్లోంచి తీశాను. "గీ మెడకు మర లేదు డాక్టర్ సాబ్. గిది నేను బిగించింది కాదు."

ఎవరూ నవ్వలేదు. వాడు ఒక చేత్తో అద్దం, ఇంకో చేత్తో పళ్లు తడిమి చూసే మొనదేలిన ఇనుప పుల్ల తీసుకున్నాడు. అద్దంలో ఎడమ కుడి అవుతుంది. కుడికి పోవాలనుకున్న చేయి ఎడమకు పోయి, మొన చిగురుకు గుచ్చుకుంది. "అన్నీ బాగానే ఉన్నయి ఆంటీ," అన్నాడు చివరికి. గొంతులో ముందటి హాయి లేదు. తర్వాత ఇద్దరు వచ్చారు. ఒకరు వేరే పన్ను చూపించారు. ఇంకొక అమ్మాయి తెలియదంది. ఉన్నమాట చెప్పిన ఆ అమ్మాయే నయం.

నేను కూర్చుని నీళ్లు పుక్కిలించాను. "సార్, ఒక్కతె మిగిలింది."

సార్ కుర్చీ పక్క నుంచి ఒక అడుగు వెనక్కి జరిగారు. ఆ పిల్ల గోడ దగ్గర నుంచి వచ్చి, స్టూలు నా తల వెనక పదకొండు గంటల దగ్గరకు జరుపుకుంది. ఉంగరం వేలు నా పక్క పన్ను మీద ఆనించింది. అద్దంతోనే బుగ్గను పక్కకు ఒత్తి, ఆవిరి పట్టకుండా దాన్ని ముందు నా బుగ్గ లోపల రుద్దింది. నా తల వెంట్రుకవాసి కదల్లేదు. చల్లటి మొన సరిగ్గా గుంటలో దిగింది.

"టూ సెవెన్, వెనక వైపు. పాత ఫిల్లింగ్ ఊడింది. దీని వెనక పన్ను తీసేసిండ్రు కదా ఆంటీ. తీసేటప్పుడే దీనికి తగిలినట్టుంది."

ఇరవై ఏళ్ల కిందటి షామియానా నా కళ్ల ముందుకు వచ్చింది. కళ్లు తుడుచుకోలేదు. దీపం వెలుతురుకు అనుకుంటారులే అని ఊరుకున్నాను.

సార్ గ్లోవ్స్ తొడుక్కుని తనే అద్దం పెట్టి చూశారు. చాలాసేపు చూశారు. లేచి, "ఎవరూ కిందికి వెళ్లడం లేదు. బుధవారం అందరికీ మళ్లీ పరీక్ష," అని అద్దాల గదిలోకి వెళ్లిపోయారు.

మంగళవారం సాయంత్రం నేను ఇరవై నాలుగు తలలకూ పళ్లు బిగించాను. గాడులన్నీ నిలువుగా. ప్రతి స్క్రూ మీద, ప్రతి మెడ మర మీద ఒక చుక్క ఎర్ర గోళ్ల రంగు పెట్టాను. విప్పితే పగులుతుంది. అడిగి పెట్టలేదు. పెట్టాక కూడా ఎవరూ అడగలేదు.

బుధవారం స్క్రీను మీద తొంభైలు లేవు, ఎనభైలు లేవు. తొంభై రెండు అబ్బాయికి నలభై ఏడు. బోరబండ పిల్లకు అరవై ఎనిమిది, అదే అందరికంటే పైన. సార్ నియమం మార్చారు. ముఖం తీయకుండా, మెడ తిప్పకుండా అరవై దాటితే చాలన్నారు. తర్వాతి సోమవారం కింద అంతస్తుకు ఆమె ఒక్కతే వెళ్లింది. మిగతా వాళ్లు నెలా రెండు నెలల్లో ఒక్కొక్కరే దిగారు. ఆ అబ్బాయి రోజూ సాయంత్రం ఉండి అద్దంలో చేయడం నేర్చుకున్నాడు. తల దగ్గర నిలబడి గంటల లెక్క చెప్పింది నేనే. విద్యార్థుల విషయంలో జోక్యం చేసుకోవద్దన్న మాట సార్ మళ్లీ ఎత్తలేదు. వెనక్కి తీసుకున్నానని కూడా అనలేదు.

ఆయన ఇచ్చిన తెల్లకాగితం మాత్రం వృథా పోలేదు. మడతలు సాపు చేసి, స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలతో రాసి, స్కానరు పైన గోడకు అంటించాను. "ముఖం తీయరాదు. మెడ తిప్పరాదు. పన్ను విప్పరాదు." కింద సంతకం పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ ఏడాది చివర్లో నా టూ సెవెన్‌ను ఆమె చేతే పూడ్పించుకున్నాను. కింద క్లినిక్‌లో చీటీ రాయించుకుని, వరసలో కూర్చుని, పిలిచాక వెళ్లాను. సార్ ఆమె వెనక నిలబడ్డారు. మత్తు సూది ఇచ్చింది. డ్రిల్లు మొదలైంది. సగంలో నేను చెయ్యెత్తాను.

చప్పుడు వెంటనే ఆగిపోయింది. నీళ్లు పీల్చే గొట్టం తీసి నా ముఖంలోకి వంగింది.

"నొప్పి అయితుందా ఆంటీ?"

"లేదు," అన్నాను, మొద్దుబారిన నోటితో వీలైనంత స్పష్టంగా. "ఆగుతవో లేదో అని చూసిన. ఇగ కానియ్."